‘కడుపు మండుతంది’: ఒకే మాటను రెండుసార్లు తప్పుగా విన్న కేసు

ఈ కేసును ఆమె అనుమతితో రాస్తున్నాం. వయసు, ఊరు, కుటుంబ వివరాలు గుర్తుపట్టకుండా మార్చాం. ఆమె నోటి మాటలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాం, ఎందుకంటే కేసు అంతా ఆ మాటల చుట్టే తిరిగింది. పల్లె దవాఖానల్లో ఓపీ చూసే డాక్టర్లు, నర్సులు, కౌన్సెలర్లు, ఇల్లిల్లూ తిరిగే ఆశాలు చదవాలని దీన్ని రాశాం.

నేపథ్యం

నలభై దాటిన మహిళ. ఉమ్మడి మహబూబ్‌నగర్ పడమటి అంచున, 2019లో కొత్త జిల్లా అయిన నారాయణపేట వైపు పల్లె. పుట్టిల్లు సరిహద్దుకు అవతల కన్నడ ఊరు, మెట్టినిల్లు ఇవతల. ఇరవై ఏళ్లకు పైగా తెలుగే మాట్లాడుతోంది, అప్పుడప్పుడు కన్నడం దొర్లుతుంది. వాన మీద ఆధారపడిన మూడెకరాలు, పత్తి, కంది. భర్త, అత్త, పదో తరగతి చదివే కూతురు. గోడ అవతలే యారాలి (తోడికోడలి) కాపురం. చదువు లేదు. అంతకుముందు పెద్ద జబ్బులేమీ లేవు.

ఓపీ చీటీలో కుటుంబ వివరాల దగ్గర ‘పిల్లలు: ఒకరు’ అని రాసి ఉంది. ఈ ఒక్క పదం మాకు నెలలు పోగొట్టింది.

వచ్చిన ఇబ్బంది

ఎనిమిది నెలలుగా ఒకటే మాట: “కడుపు మండుతంది సారూ. ముద్ద నోట్లె వెడితె సాలు, భగ్గుమంటది.” దానికి తోడు నిద్ర లేదు, ఒళ్లంతా సొలుపు, బరువు నాలుగు కిలోలు తగ్గింది. మాకంటే ముందే మూడు చోట్ల చూపించుకుంది. తిండితో వచ్చే మంట కాబట్టి అందరూ గ్యాస్ అనే అనుకున్నారు. ఆ ఆలోచనలో తప్పు లేదు. భోజనంతో ముడిపడిన మంటకు మొదట ఆమ్లాన్నే అనుమానించాలి.

ఉదయం పరగడుపున పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములు, ఆరు వారాలు వాడింది. మొదటి వారం కాస్త తేలికగా అనిపించి, మళ్లీ మామూలే. బరువు తగ్గింది కాబట్టి ఎండోస్కోపీ చేయించారు. పుండు లేదు, వాపు లేదు. స్కానింగ్‌లో పిత్తాశయం బాగుంది. ఈసీజీ బాగుంది. హిమోగ్లోబిన్ 10.4, అంటే రక్తహీనత ఉంది. థైరాయిడ్, చక్కెర సరిగ్గానే ఉన్నాయి. ఈ పరీక్షలన్నీ అయ్యాక ‘మానసిక సమస్య కావచ్చు’ అన్న చీటీతో కౌన్సెలింగ్‌కు పంపారు.

ఈ పరీక్షలు దండగ అని ఎవరూ అనుకోవద్దు. ఆడవాళ్లలో గుండెపోటు కొన్నిసార్లు ఛాతీ నొప్పిగా కాకుండా పొట్ట పైభాగంలో మంటగా, వికారంగా కనిపిస్తుంది. దుఃఖం ఉన్న మనిషికి పుండు రాకూడదన్న నియమం ఏమీ లేదు. నల్లటి విరేచనం, రక్తపు వాంతి, మింగడానికి కష్టం, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏది ఉన్నా మాటల అర్థం వెతికే ముందు లోపల ఏముందో చూడాల్సిందే. నల్లగొండ వైపు మర్రిగూడ, చండూరు పల్లెల నుంచి ‘ఒళ్లు గుంజుతంది, మెడ తిరగతలేదు’ అని వచ్చినవాళ్ల విషయంలోనూ అంతే. అది ఏళ్ల తరబడి తాగిన ఫ్లోరైడ్ నీళ్లు ఎముకల్లో, కీళ్ల బంధనాల్లో చేసిన పని కావచ్చు. దాన్ని రంది (దిగులు) కింద జమకడితే పెద్ద అన్యాయం.

ఏం చేసి చూశాం, ఏది పనిచేయలేదు

మొదటి కూర్చోవడంలో కుంగుబాటును కొలిచే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9 అడిగాం. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. అచ్చులో ఉన్న తెలుగునే చదివి వినిపించాం. నిద్రకు 3, అలసటకు 3, ఆకలికి 2 వచ్చాయి. ‘నిరాశ, నిస్పృహ’ అన్న చోట “అట్లాంటివి ఏం లేవు మేడం” అంది. ‘ఆసక్తి’ అన్నప్పుడు “దేని మీద?” అని తిరిగి అడిగింది. చావు ఆలోచనలు లేవంది. మొత్తం 8, అంటే స్వల్ప స్థాయి. కాగితం ప్రకారం తొందరేమీ లేదు.

ఆ 8 ఎలా వచ్చిందో ఆరోజే గమనించి ఉండాల్సింది. ఒంటికి సంబంధించిన మూడు ప్రశ్నలకే మార్కులు పడ్డాయి, మనసుకు సంబంధించిన అన్నింటికీ సున్నా. ఇలాంటి ఫలితం వస్తే రెండే దారులు. ఆ మనిషికి నిజంగానే దిగులు లేకపోవాలి, లేదంటే దిగులుకు మనం వాడిన మాట ఆమె ఇంట్లో లేకపోవాలి. ‘నిస్పృహ’ వార్తాపత్రిక మాట. పాలమూరు పల్లెలో దాని పని ‘రంది’ చేస్తుంది. రంది ‘పెట్టుకుంటారు’, రంది ‘పడతారు’, రందితో మనిషి ‘సగమైతడు’.

రెండో పొరపాటు వివరించిన తీరు. రిపోర్టులన్నీ బాగున్నాయని సంతోషపెట్టే ఉద్దేశంతో “కడుపులో ఏం లేదమ్మా, అంతా మనసులోనే ఉంది” అని చెప్పాం. ఆమె విన్నది మాత్రం ‘నీది అబద్ధం, లేదంటే పిచ్చి’ అని. ఐదు వారాలు రాలేదు. ఆశా ద్వారా కబురు పెడితే వచ్చిన జవాబు: “మండుతంది నాకు. ఏం లేదన్నోళ్ల కాడికి ఎందుకు వోవాలె?” ఆ ప్రశ్నలో న్యాయముంది. మంట అన్న మాట మనసు బాధకు గుర్తు కావచ్చు, కానీ మంట నిజంగానే మండుతుంది. పేగు గోడల్లో కోట్ల సంఖ్యలో నాడీకణాలున్నాయి, మెదడుకూ పేగుకూ నడుమ రెండు వైపులా కబుర్లు నడుస్తుంటాయి. ఎడతెగని దుఃఖంలో పేగు కదలిక మారుతుంది, మామూలు సాగుడు కూడా నొప్పిగా తెలుస్తుంది. కాబట్టి ‘లోపల ఏం లేదు’ అన్నది శాస్త్రంగా కూడా సరైన మాట కాదు. ‘పుండు లేదు’ అనడం వరకే మనకు హక్కుంది.

మూడో పొరపాటు మరింత లోతైనది. తిరిగి వచ్చాక ఆమె మాటల్లో యారాలి పేరు పదే పదే వచ్చింది. యారాలి కొడుక్కు సంబంధం కుదిరింది. ఆ ముచ్చట వచ్చిన ప్రతిసారీ మంట. మంట మొదలైన నెల, సంబంధం కుదిరిన నెల ఒకటే. తెలుగులో ‘కడుపుమంట’ అంటే చాలామందికి మొదట స్ఫురించేది ఓర్వలేనితనం. పుట్టిల్లు కన్నడం. కన్నడంలో ‘హొట్టె ఉరి’, ‘హొట్టె కిచ్చు’ అంటే కడుపు మంట, కడుపు చిచ్చు. రెండూ అసూయకే వాడతారు. అన్నీ ఒకే వైపు చూపిస్తున్నట్టు కనిపించింది. అసూయ అనే లెక్కలో రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి మాట్లాడించాం. పరిణామం దారుణం. “నా పొలగాని పెండ్లి జూసి ఏడుస్తున్నదా?” అని యారాలు లేచిపోయింది. ఈమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ రాత్రి నుంచి రెండు రోజులు అన్నం ముట్టలేదని ఆశా చెప్పింది.

కాలం కుదిరింది, భాష కుదిరింది, మరి అర్థం ఎందుకు తప్పింది? నిఘంటువులో దొరికిన అర్థాన్ని మనిషికి అతికించి, అది సరిపోయే ఆధారాలను మాత్రమే ఏరుకున్నాం. సరిపోని ఆధారం కళ్లముందే ఉంది. అసూయ ఉన్నవాళ్లు ఎదుటివాళ్ల మంచిని తక్కువ చేసి మాట్లాడతారు. ఈమె ఆ పిల్లవాడిని ఒక్కసారీ తూలనాడలేదు. పైగా పెండ్లి బట్టల కోసం తన దగ్గరున్న డబ్బులిచ్చింది.

నాలుగోది చిన్నదే అయినా చెప్పాలి. పొట్ట మీద చెయ్యి పెట్టుకొని నెమ్మదిగా ఊపిరి తీసే సాధన నేర్పాం. ఆందోళనకు మామూలుగా మంచి పనిముట్టు. ఈమెకు మంట ఎక్కువైంది. మండే చోటికే ధ్యాసను పదేపదే తీసుకుపోయాం కాబట్టి. తర్వాత అరికాళ్లు నేలకు తగులుతున్న తీరును గమనించే సాధనకు మార్చాం, అది ఆమెకు సరిపోయింది.

ఒంటి మాటలు ఎలా పనిచేస్తాయి

ఇక్కడ ఆగి ఒక విషయం చూడాలి. కోపం, భయం, దుఃఖం ఒంట్లో తెలిసే తీరు మనుషులందరిలో చాలావరకు దగ్గరగానే ఉంటుంది. ఫిన్లాండ్ పరిశోధకులు 2013లో ఫిన్నిష్, స్వీడిష్, తైవాన్ జనం 701 మందికి శరీరపు బొమ్మలిచ్చి, ఏ ఉద్వేగం ఎక్కడ తెలుస్తుందో రంగు వేయమన్నారు. భాష ఏదైనా బొమ్మలు దాదాపు ఒకేలా వచ్చాయి. కానీ ఆ అనుభవం ఏ అవయవం పేరుతో, ఏ అర్థంతో నోటికి వస్తుందన్నది భాష చేతిలో ఉంటుంది.

ఇంగ్లిష్‌లో దుఃఖానికి గుండె పగులుతుంది. మలయ్, ఇండోనేషియా భాషల్లో ఆ పని ‘హాతి’ది. హాతి అంటే కాలేయం. ‘సాకిత్ హాతి’ని మాటకు మాట మారిస్తే ‘కాలేయానికి నొప్పి’, అర్థం మాత్రం ‘మనసు నొచ్చుకోవడం’. ఆ మాట విని కాలేయ పరీక్షలు రాసిచ్చే డాక్టరును ఊహించుకుంటే మన ఓపీలో జరిగిందేమిటో తెలుస్తుంది. జపాన్‌లో కోపం వస్తే ‘కడుపు లేచి నిలబడుతుంది’, దాపరికం లేకుండా మాట్లాడటం ‘కడుపు చీల్చడం’. చైనీయంలో కోపం రావడాన్ని ‘షెంగ్ చి’ అంటారు, ‘చి’ అంటే ఊపిరి, ఆవిరి. హిందీలో పగ తీరితే, తృప్తి కలిగితే ‘కలేజా’ చల్లబడుతుంది. అదే హిందీలో అసూయకు ఛాతీ మీద పాము పొర్లుతుంది. మన పక్కనే కన్నడంలో అసూయ కడుపులో మండుతుంది. తమిళంలో ‘వయిట్రెరిచ్చల్’ అసూయకూ వాడతారు, అన్యాయం జరిగినవాళ్ల కడుపు రగిలినప్పుడూ వాడతారు.

తెలుగులో మరొక మెలిక ఉంది. ‘పొట్ట’, ‘కడుపు’ రెండూ ఒకే చోటి పేర్లు. కానీ అవి మోసే బరువులు వేరు. పొట్ట బతుకుదెరువుది: పొట్టకూడు, పొట్ట కొట్టడం, పొట్ట చేతపట్టుకొని వలస పోవడం. కడుపు సంతానానిది: కడుపుతో ఉండటం, కడుపు పండటం, కడుపుతీపి, కడుపున పుట్టిన బిడ్డ, కడుపుకోత. ‘పొట్టకోత’ అని ఎవరూ అనరు. పెద్దలు ‘నీ కడుపు సల్లగుండ’ అని దీవిస్తే ఆ చల్లదనం జీర్ణాశయానికి కాదు, పిల్లలకు. పిల్లలు బతికి బాగుంటే కడుపు చల్లగా ఉంటుంది. మరి కడుపు ఎప్పుడు మండుతుంది? ఈ ప్రశ్న మేము వేసుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

ఈ పరిశీలన కొత్తది కాదు. మానవశాస్త్రవేత్త మార్క్ నిక్టర్ 1981లో ప్రచురించిన వ్యాసంలో, దక్షిణ కన్నడ జిల్లా స్త్రీలు నేరుగా చెప్పుకోలేని కష్టాన్ని ఒంటి బాధగా, ఉపవాసంగా, మరో రూపంగా ఎలా బయటపెడతారో వివరించాడు. ‘బాధను చెప్పే నుడికారం’ అన్న ఆలోచన అక్కడి నుంచే వైద్యంలో నిలబడింది. మనోవైద్యుడు ఆర్థర్ క్లైన్‌మన్ చైనాలో నరాల బలహీనత పేరుతో వచ్చిన రోగుల్లో చాలామందికి కుంగుబాటు ఉందని చూపించాడు. జింబాబ్వేలో షోనా భాషలో ‘కుఫుంగిసిసా’ అంటే అతిగా ఆలోచించడం. మన రందికి దగ్గరి చుట్టం. అక్కడ ఆ మాటనే పట్టుకొని వైద్యం నడిపారు. 2013లో వచ్చిన, మానసిక రుగ్మతలను గుర్తించే అమెరికన్ మాన్యువల్ డీఎస్‌ఎం-5లో ఇందుకోసమే 16 ప్రశ్నల ఇంటర్వ్యూ ఒకటి చేర్చారు. అందులో ముందుండే పని, రోగి తన బాధకు పెట్టుకున్న పేరేమిటో అడిగి, ఆ తర్వాతంతా ఆ పేరే వాడటం.

ఏది పనిచేసింది

కుటుంబ సమావేశం చెడిన తర్వాతి వారం అనువాదం ఆపేసి, మొదటి నుంచీ అడగడం మొదలుపెట్టాం.

మొదటి ప్రశ్న: “యాడ మండుతందో చెయ్యి వెట్టి సూపియ్యవ్వా.” ఆమె చెయ్యి బొడ్డు కిందికి పోయింది. ఆమ్లం వల్ల వచ్చే మంట రొమ్ము ఎముక కింద మొదలై పైకి, గొంతు వైపు ఎక్కుతుంది. పడుకుంటే, వంగితే ఎక్కువవుతుంది. ఈమె చూపించింది పిల్లసంచి ఉండే చోటు. మూడు దవాఖానల చీటీల్లో ‘కడుపు మంట’ అని ఉంది, చెయ్యి ఎక్కడ పెట్టిందో ఒక్కదాంట్లోనూ లేదు.

రెండోది వేరేవాళ్ల గురించి అడగడం. తన గురించి నోరు తెరవనివాళ్లు కూడా ఊరి గురించి చెబుతారు. “మీ ఊర్ల కడుపు మండింది అని ఇంకెవల గురించన్న అంటరా?” ఆమె ఆలోచించి చెప్పింది: “పిల్లలు వోయినోళ్లను అంటరు మేడం. ఎనకింటోళ్ల పొలగాడు బాయిల వడ్డప్పుడు, ఆమె కడుపు మండిపాయె అన్నరు.”

మూడోది పిల్లల సంఖ్య. ‘పిల్లలెందరు’ అని కాకుండా ప్రసూతి వార్డు పద్ధతిలో అడిగాం: “ఎన్ని కాన్పులైనయి? అందుల ఎందరున్నరు?” జవాబు: “మూడు. మొదటిది పుట్టంగనే వోయింది. తర్వాత కొడుకు. గిప్పుడున్నది చిన్నబిడ్డ.” కొడుకు ఏం చేస్తున్నాడని అడిగాం. చెయ్యి మళ్లీ బొడ్డు కిందికి పోయింది. “మండుతంది” అంది. చాలాసేపు అంతే.

కొడుకు రెండేళ్ల కింద పుణేలో కట్టుబడి పనికి పోయాడు. ఒకప్పుడు దేశమంతా ఆనకట్టలకూ రోడ్లకూ ‘పాలమూరు లేబర్’ పోయిన దారే. మూడో నెలలో సెంట్రింగ్ మీద నుంచి పడి చనిపోయాడు. శవం వచ్చిన రోజు అత్తకు గుండె నొప్పి వచ్చింది. ముసలామె తట్టుకోలేదని, ఆ పేరు ఇంట్లో ఎత్తొద్దని పెద్దలు అనుకున్నారు. ఫొటో తీసి సందూకలో పెట్టారు. ఎవరైనా అడిగితే ఒక్క బిడ్డే అని చెప్పడం అలవాటైంది. యారాలి కొడుకూ ఇతనూ ఈడుగాళ్లు, ఒక్క బడిలో చదివారు. ఆ పెండ్లి ముచ్చట వచ్చినప్పుడల్లా ఆమెకు కనిపించింది తన కొడుకు పెండ్లి. మేము దానికి అసూయ అని పేరు పెట్టాం.

అసలు ముడి ఇంకా కింద ఉంది. “పొట్ట చేతవట్టుకొని పోయిండు మేడం. నేనే పొమ్మన్న. బిడ్డ పెండ్లికి అప్పు గావద్దని.” చనిపోవడానికి ముందు రాత్రి ఫోన్‌లో, ఆలస్యమైంది, వండుకోలేదు అన్నాడట. ముద్ద నోట్లో పెట్టగానే మంట ఎందుకో అప్పుడు తెలిసింది. మొదటి డాక్టరు గమనించింది నిజమే, మంటకూ తిండికీ సంబంధం ఉంది.

ఆ రోజు పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలనే ఊరి మాటల్లో మళ్లీ అడిగాం. రంది ఎంత ఉంది, ఏ పని మీదన్నా పానం వోతుందా, తప్పంతా తనదే అనిపిస్తుందా అని. 18 వచ్చింది. దీన్ని అధికారిక మార్కుగా రాయలేదు. పరీక్షించి ఖాయం చేసిన ప్రశ్నల మాటలు మార్చాక, వాటి కోసం కట్టిన, తీవ్రతను చెప్పే 10, 15, 20 గీతలు అలాగే వర్తిస్తాయని చెప్పలేం. ఆమెను ఆమెతోనే పోల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది. తొమ్మిదో ప్రశ్నకు వచ్చేసరికి, “చచ్చిపోవాలనిపిస్తుందా” అంటే మళ్లీ లేదంది. “పానం ఇసికిందా?” అంటే, “ఇసికింది. గిట్ల మండుడు కన్న పోవుడే నయమనిపిస్తది” అంది. ఇలాంటి జవాబు వచ్చాక డొంకతిరుగుడు పనికిరాదు. ఎప్పుడెప్పుడు అనిపిస్తుంది, ఏం చేయాలనుకుంది, ఇంట్లో ఏముంది అని సూటిగా అడిగాం. అడిగితే ఆలోచన పుట్టిస్తామన్న భయం అక్కరలేదు. ఆమె ఏ ఏర్పాటూ చేసుకోలేదు. కానీ పత్తి ఇల్లు కాబట్టి పురుగుమందు ఉంది. అదే సాయంత్రం భర్తతో మాట్లాడి, మందు డబ్బాలన్నీ వేరే ఇంట్లో తాళం కింద పెట్టించాం. రాత్రిపూట ఎవరూ అందకపోతే ఫోన్ చేయడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 బిడ్డ చేత ఫోన్‌లో పెట్టించాం. ఇంట్లో ఉన్న మందును దూరం పెట్టడం ఎంత పెద్ద మాటల కంటేనైనా ముందు చేయాల్సిన పని.

మందుల విషయం. మనోవైద్యులు సెర్ట్రలైన్ మొదలుపెట్టారు, వారం 25 మిల్లీగ్రాములు, తర్వాత 50. ఈ రకం మందులు మొదటి వారం పదిరోజులు వికారం, కడుపులో తిప్పుడు తెస్తాయి. ఫలితం తెలియడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. కడుపు మంట అని వచ్చిన మనిషికి ఈ సంగతి ముందే చెప్పకపోతే, మందుతో మంట ఎక్కువైందని రెండో రోజే ఆపేస్తుంది. తిన్నాక వేసుకోమని, తిప్పుడు వేరు, ఆమె మంట వేరు, రెండూ తేడాగా తెలుస్తాయని చెప్పి పంపాం. ఐదో రోజు ఆశా పోయి కనుక్కుంది. “తిప్పుతంది గాని, గది వేరే” అందట. రక్తహీనతకు ఇచ్చే ఐరన్ మాత్ర కూడా మంట తేగలదు కాబట్టి దాన్ని మూడు వారాలు వాయిదా వేశాం.

మంట ఎప్పుడెప్పుడు వస్తుందో లెక్క కావాలి, ఆమెకు రాయడం రాదు. మూడు చిన్న గిన్నెలు, ఒక పిడికెడు చింతగింజలు ఇచ్చాం. తింటున్నప్పుడు మండితే ఒక గింజ మొదటి గిన్నెలో, ఒంటరిగా ఉన్నప్పుడైతే రెండోదాంట్లో, ఎవరైనా పిల్లల ముచ్చట తీసినప్పుడైతే మూడోదాంట్లో. పద్నాలుగు రోజులు. మొదటి ప్రయత్నం పాడైంది. చేనులో ఉన్నప్పుడు గిన్నెలు లేవు, సాయంత్రం గుర్తు తెచ్చుకొని వేస్తే లెక్క తప్పింది. రెండోసారి కొంగు మూడు చోట్ల ముడి వేసుకొని గింజలు అందులో వేసి, ఇంటికొచ్చాక గిన్నెల్లోకి మార్చింది. ఆ ఉపాయం ఆమెదే. లెక్క: తింటున్నప్పుడు 13, ఒంటరిగా 9, పిల్లల ముచ్చట మీద 19. మొత్తం 41. కారం, నూనె, పులుపుతో ఏ పొంతనా లేదు. ఈ గింజలు ఆమెకు మా మాటల కంటే ఎక్కువ చెప్పాయి. “గ్యాస్ అయితే పెండ్లి ముచ్చటకు రాదు గదా మేడం” అని తనే అంది.

ఆ తర్వాత పని మంట, చల్లదనం అన్న ఆమె మాటల్లోనే నడిచింది. ‘మనసు’ అన్న పదం పక్కన పెట్టాం. మంటను ‘ఆర్పడం’ అని కూడా అనలేదు. ఒకసారి అంటే ఆమె ముఖం మారింది. కొడుకును మరిచిపోమన్నట్టు తోచింది కాబోలు. ‘జర సల్లవడుడు’ అంటే ఒప్పుకుంది. రెండూ దగ్గరి మాటలే కదా అనిపించవచ్చు. దుఃఖంలో ఉన్న తల్లికి ఆ రెండింటి మధ్య చాలా దూరం ఉంది.

సందూకలో నుంచి ఫొటో బయటికి రావడానికి ఆరు వారాలు పట్టింది. ముందు భర్తతో విడిగా మాట్లాడాం. ఆయన ఏడవడం ఆమె అప్పటిదాకా చూడలేదు. అత్తను అడిగితే, “నేను సస్తనని మీరు మాట్లాడ్తలేరు, మీరు ఏడుస్తరని నేను మాట్లాడ్తలేను” అంది. యారాలి దగ్గరికి మా మనిషే పోయి, ముందటి సమావేశంలో పొరపాటు మాదని చెప్పి వచ్చింది. ఈ పని వాయిదా వేయొద్దు. మన తప్పుడు అర్థం ఊళ్లో ఆమె మీద మచ్చగా మిగిలిపోతుంది.

తిండి దగ్గరి మంటకు ఉపాయం కూడా ఆమెదే: మొదటి ముద్ద తీసి పళ్లెం అంచున పెట్టి, పేరు తలుచుకొని, తర్వాత తినడం. అది దుఃఖాన్ని పెంచుతుందేమోనని మేము కొంత జంకాం. పూటకు ఒకసారే, ఒక్క ముద్దే అని హద్దు పెట్టుకొని రెండు వారాలు చూద్దామన్నాం. మొదటి గిన్నెలో గింజలు 13 నుంచి 6కు వచ్చాయి. ఆ ఏడు పెత్రమాస (పితృ అమావాస్య) నాడు పెద్దల పేర్లతో పాటు కొడుకు పేరూ తీసి బియ్యం ఇచ్చారు. ‘నేనే పొమ్మన్న’ అన్న ముడికి మాత్రం నాలుగు కూర్చోవడాలు పట్టాయి. ‘నీ తప్పు లేదు’ అని ఓదార్చడం ఏమాత్రం పనిచేయలేదు. ఆ రోజు ఎవరెవరు ఏమనుకున్నారు, ఇంట్లో ఎంత అప్పుంది, ఊరి నుంచి ఆ బండిలో ఇంకెందరు పోయారు అని వరుసగా చెప్పించాక, “అందరి తల్లులు పొమ్మన్నరు” అన్న మాట ఆమె నోటి నుంచే వచ్చింది.

ఇప్పుడు ఓపీలో మార్చుకున్నవి

చీటీలో ‘ఫిర్యాదు’ గడి కింద రోగి మాటను మాండలికంలోనే, కొటేషన్‌లో రాస్తున్నాం. ‘గ్యాస్’, ‘ఆందోళన’ అని మన భాషలోకి మార్చడం తర్వాతి గడిలో. దాని పక్కన చెయ్యి ఎక్కడ పెట్టారో గుర్తు పెట్టడానికి చిన్న శరీరపు బొమ్మ. ‘పిల్లలు’ గడి తీసేసి ‘కాన్పులు / ఉన్నవారు’ అని రెండు గడులు పెట్టాం. వీటన్నింటికీ కలిపి మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది.

ఊరి మాటల పట్టిక తయారుచేస్తారా అని అడుగుతుంటారు. మాటలు పోగేయడం మంచిదే. గుండె బుగులుమనుడు, పానం కొట్టుకునుడు, నెత్తి దిమ్ముగుండుడు, మహబూబ్‌నగర్ పట్నంలో ఉర్దూ ఇళ్లలో వినిపించే ‘దిల్ ఘబ్రా రహా హై’, ఇవన్నీ వైద్యులకు తెలిసి ఉండాలి. కానీ ఎదురుగా ఒకే అర్థం రాసిన పట్టిక ప్రమాదం. ‘కడుపు మంట = అసూయ’ అని మా తలలో ముందే ఉన్న పట్టికే ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ హాని చేసింది. అలాగని ‘కడుపు మంట = పుత్రశోకం’ అని రాసుకున్నా అదే తప్పు మళ్లీ చేసినట్టు. ఈ కేసు తర్వాత కొన్నాళ్లకే కడుపు మంటతో వచ్చిన మరొకరిని దుఃఖం వైపు లాగబోయాం. చెయ్యి చూపించమంటే రొమ్ము ఎముక కింద పెట్టాడు. ఎండోస్కోపీలో పుండు ఉంది. మాత్రలతో తగ్గింది.

ఈమెతో పదకొండు కూర్చోవడాలు జరిగాయి. ఊరి మాటల్లో అడిగిన లెక్క 18 నుంచి 6కు వచ్చింది, బరువు రెండున్నర కిలోలు పెరిగింది. సెర్ట్రలైన్ కొనసాగుతోంది. యారాలి కొడుకు పెండ్లిలో నలుగు పెట్టడానికి ఈమెనే పిలిచారు. పోయింది. ఆ రోజు కొంగు ముడిలో నాలుగు గింజలు పడ్డాయి.

చివరి పద్నాలుగు రోజుల లెక్క 11. ఇంకా తగ్గించడానికి ఏం చేద్దామని అడిగితే, గింజలు అరచేతిలో పోసుకొని చూసి, “గిన్ని ఉండనియ్యిండ్రి మేడం” అంది.